కుక్కబండి ఎక్కాలంటే ఎంతవుతుంది: బెంగళూరులో ఉండేవాళ్ల కోసం లెక్క

ఫిన్లాండ్‌లో మంచు మీద హస్కీ కుక్కలు లాగే బండిని 10 కిలోమీటర్ల దారిలో ఇద్దరు వంతులవారీగా నడిపితే, బండికి తలకు అయ్యేది 18 వేల రూపాయల దరిదాపు. ఆ బండి దగ్గరికి చేరడానికి అయ్యేది రెండు లక్షలు. తిరుమల 300 రూపాయల టికెట్టు ధర చూసి ఎవరూ యాత్ర ఖర్చు లెక్కేయరు కదా, ఇదీ అంతే. వెబ్‌సైట్లలో కనిపించే యూరోల అంకె మొత్తం ఖర్చులో పన్నెండో వంతు.

ఇంకో దారి కూడా ఉంది. మంచు లేని నేల మీద, ఇంట్లో ఇప్పటికే ఉన్న కుక్కతో చేసే పరుగు. నడుముకు పట్టీ కట్టుకుని, కుక్క ముందు లాగుతుంటే వెనక పరుగెత్తడం కానిక్రాస్. సైకిల్‌కు కడితే బైక్‌జోరింగ్. మంచుదేశాల్లో బండి నడిపేవాళ్లు, అంటే మషర్లు, మంచు పడని నెలల్లో కుక్కల కండ పోకుండా చేయించే కసరత్తు ఇదే. బెంగళూరులో దీనికి మొదటి విడతగా 15 వేలు పెడితే చాలు. ముందు మంచు లెక్క చూద్దాం.

గుల్‌మార్గ్‌లో స్లెడ్జ్ ఎక్కిస్తామంటే అది కుక్కబండి అనుకోకండి. అక్కడ చెక్కబండిని మనిషి తాడుతో లాగుతాడు.

లాప్‌లాండ్ ప్రయాణం, ఒక మనిషికి

లెక్క తేలికగా ఉండాలని యూరోను 100 రూపాయలుగా పట్టుకున్నాం. కట్టే రోజు రేటు మీరు చూసుకుని పెంచుకోండి. ఊరు ఫిన్లాండ్ ఉత్తరాన లాప్‌లాండ్‌లో ఉన్న రోవనియెమి, ఆరు రాత్రులు, మార్చి నెల, ఇద్దరు కలిసి ఒక గదిలో ఉంటారన్న లెక్కమీద ఒక్కొక్కరికి:

బెంగళూరు నుంచి హెల్సింకికి రానూపోనూ విమానం 80 వేలు. నేరుగా పోయేది లేదు, మధ్యలో ఒకచోట దిగాలి. హెల్సింకి నుంచి రోవనియెమికి రానూపోనూ 16 వేలు. షెంగెన్ వీసా రుసుము పెద్దవాళ్లకు 90 యూరోలు, దరఖాస్తు కేంద్రం తీసుకునే సర్వీసు ఛార్జీతో కలిపి 12 వేలు పక్కన పెట్టండి. ఇన్సూరెన్సు 2 వేలు. గది రాత్రికి 8 వేల చొప్పున 48 వేలు. తిండి ఏడు రోజులకు 24,500. ఊళ్లో బస్సులకు 6 వేలు. బండి 18 వేలు. మీరు ఇక్కడే కొనుక్కోవాల్సిన లోపలి బట్టలు 8 వేలు. కార్డు మీద విదేశీ మారకపు బాదుడు 3 వేలు. మొత్తం 2,17,500.

ఇందులో తగ్గించగలిగినవి రెండే, గది, తిండి. వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకుంటే రెండూ తగ్గుతాయి. పులిహోర పేస్టు, ఉప్మా పిండి, కందిపొడి పట్టుకెళ్లండి. మాంసం, పాల పదార్థాలు మాత్రం సంచిలో పెట్టకండి. యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల నుంచి ప్రయాణికులు వాటిని తీసుకురాకూడదు. అంటే చికెన్ పచ్చడి, నెయ్యి, పాలకోవా ఇంట్లోనే ఉండాలి. అమ్మ ఎంత ప్రేమగా సీలు వేయించి ఇచ్చినా సరే.

విమానం, గది ధరలను నిర్ణయించేది మీరు వెళ్లే నెల. క్రిస్మస్ వారంలో రోవనియెమిలో గది ధర మార్చి ధరకు రెండింతలు దాటిపోవడం మామూలే. పైగా డిసెంబరు మూడో వారంలో అక్కడ పగలు రెండు మూడు గంటలకు మించదు. బండి నడిపేది చీకట్లోనో మసక వెలుతురులోనో. మార్చి మధ్యకు పగలు పన్నెండు గంటలకు వస్తుంది, మంచు ఇంకా గట్టిగానే ఉంటుంది, చలి కాస్త నెమ్మదిస్తుంది. ఆర్థిక సంవత్సరం చివర సెలవు దొరకడం కష్టమన్నది నిజమే. అయినా సెలవు కోసం మేనేజర్‌తో వాదించడానికి డిసెంబరు కంటే మార్చే మేలు, ఎందుకంటే గెలిస్తే 40, 50 వేలు మిగులుతాయి.

ఇన్సూరెన్సు దగ్గర ఒక చిక్కు. వీసాకు కనీసం 30 వేల యూరోల వైద్య రక్షణ ఉండాలంటారు, చవక పాలసీలన్నీ దాన్ని తీరుస్తాయి. కానీ వాటిలో చాలావరకు శీతాకాలపు క్రీడలను మినహాయిస్తాయి. బండి మీంచి పడి మణికట్టు విరిగితే ఆ పాలసీ కాగితం వీసాకు తప్ప ఎందుకూ పనికిరాదు. మినహాయింపుల పేజీ చదివి, కుక్కబండి గానీ వింటర్ స్పోర్ట్స్ గానీ కలుపుకునే పాలసీకి ఇంకో వెయ్యి పెట్టండి.

టూర్ ప్యాకేజీ ద్వారా వెళితే టీసీఎస్ అని, అంటే అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను, కొంత పట్టుకుంటారు. అది ఖర్చు కాదు, రిటర్నులో సర్దుబాటవుతుంది. కాకపోతే అప్పటిదాకా ఆ డబ్బు చేతిలో ఉండదు కాబట్టి బడ్జెట్‌లో చోటు ఉంచుకోండి.

ఏ బండి కొంటున్నారో చూసుకోండి

ఒకే పేరుతో మూడు రకాల సరుకు అమ్ముతారు. మొదటిది అర కిలోమీటరు నుంచి కిలోమీటరు చుట్టు. శాంతాక్లాజ్ గ్రామం దగ్గర ఇదే ఎక్కువ. 50, 60 యూరోలు. బండిని వాళ్లే నడుపుతారు, మీరు దుప్పటి కప్పుకుని కూర్చుంటారు, ఐదు నిమిషాల్లో అయిపోతుంది. చిన్నపిల్లలు ఉంటే సరే, మీ కోసమైతే వద్దు. రెండోది 5 నుంచి 10 కిలోమీటర్లు, మీరే నడిపేది. 120 నుంచి 200 యూరోలు. మూడోది రెండు నుంచి ఐదు రోజులు అడవిలో క్యాబిన్లలో ఉంటూ, మీ కుక్కల జట్టుకు మీరే తిండి పెట్టి, జీనులు (బండి లాగడానికి ఒంటికి తొడిగే పట్టీలు) తొడిగి నడిపేది. వెయ్యి యూరోల నుంచి రెండు వేలు, అంతకు పైన కూడా. తిండి, బస అందులోనే కాబట్టి రోజువారీ లెక్క వేస్తే ఇది కనిపించేటంత ఖరీదు కాదు. నిజంగా ఈ పని నచ్చుతుందో లేదో తెలియాలంటే మూడోదే తేలుస్తుంది. పదో కిలోమీటరులో అందరికీ నచ్చుతుంది. మూడో రోజు తెల్లవారుజామున మైనస్ 20లో కుక్కల పేడ ఎత్తేటప్పుడు కూడా నచ్చితేనే నచ్చినట్టు.

రెండో రకంలో ధర సాధారణంగా ఇద్దరికి ఒక బండి అన్న లెక్కలో, తలకు ఇంత అని ఉంటుంది. ఒకరు నడుపుతారు, ఒకరు కూర్చుంటారు, సగం దారిలో మారతారు. అంటే 10 కిలోమీటర్లకు డబ్బు కట్టి 5 కిలోమీటర్లు నడుపుతారు. ఒక్కరికే బండి కావాలంటే 50 నుంచి 80 యూరోలు అదనం. ఒంటరిగా వెళ్లేవాళ్లు ఇది ముందే అడగకపోతే అక్కడికెళ్లాక తెలుస్తుంది.

బుక్ చేసేముందు రాసి అడగాల్సినవి ఇవి. చలి కోటు, బూట్లు, చేతి తొడుగులు ధరలో కలిసి ఉన్నాయా? హోటల్ నుంచి తీసుకెళ్లి దింపుతారా? లేకపోతే టాక్సీకి ఒక్కోవైపు 40, 50 యూరోలు పోతాయి. నడపడానికి కనీస వయసు, ఎత్తు ఎంత? చలి మరీ ఎక్కువై, మైనస్ 30 దాటి రద్దు చేస్తే డబ్బు వెనక్కి ఇస్తారా, వేరే రోజు ఇస్తారా? చివరగా, కుక్కలు పని లేని వేసవిలో ఎలా ఉంటాయి, ముసలివైతే ఎక్కడికి వెళతాయి? ఈ ఆఖరి ప్రశ్నకు సూటిగా జవాబు రాసే కెనెల్‌కు, అంటే కుక్కల్ని పెంచి బండి నడిపించే చోటుకు, 20 యూరోలు ఎక్కువైనా ఇవ్వండి.

బట్టల సంగతి. పై కోటు మామూలుగా వాళ్లిస్తారు, లోపలివి మీవి. చర్మానికి తగిలే పొర నూలుది కాకూడదు. నూలు చెమటను పట్టి ఉంచుకుంటుంది, బండి ఆగిన నిమిషంలో అదే ఒంటిని గడ్డకట్టిస్తుంది. ఉన్ని లేదా సింథటిక్ లోపలి జత ఒకటి, ఫ్లీస్ ఒకటి, ఉన్ని మేజోళ్లు రెండు జతలు, ముఖానికి బఫ్ (మెడ నుంచి ముక్కు దాకా లాక్కునే గొట్టంలాంటి గుడ్డ) ఒకటి. సర్జాపూర్ రోడ్డు, వైట్‌ఫీల్డ్ వైపు డెకాథ్లాన్‌లలో ఇవన్నీ 8 వేలలో వస్తాయి. మేజోళ్లు రెండు జతలూ ఒకదానిమీద ఒకటి తొడగకండి. బూటు బిగుసుకుంటే రక్తం ఆడక వేళ్లు ఇంకా చల్లబడతాయి.

బండి మీద నిలబడ్డాక

బండి వెనక రెండు పట్టాల మీద చెరో కాలు. చేతులు అడ్డకొయ్య మీద. రెండు పట్టాల మధ్య ఒక రబ్బరు చాప, దాని వెనక ముళ్లున్న ఇనుప బ్రేకు. వేగం తగ్గించడానికి చాప మీద ఒక కాలు వేస్తారు. ఆపడానికి బ్రేకు మీద రెండు కాళ్లతో బరువంతా మోపుతారు. ఆగాక బండి కదలకుండా మంచు కొక్కెం నేలలో దిగేసి మడమతో తొక్కుతారు.

ఒకే ఒక్క నియమం గుర్తుంటే చాలు. పడినా కొయ్య వదలకండి. మీరు వదిలితే కుక్కలు ఆగవు, ఖాళీ బండి తేలికై ఇంకా వేగంగా పోతాయి. ఒరిగిన బండి వెనక లాగబడుతున్నంతసేపు మీ ఒళ్లే బ్రేకు.

రెండో సంగతి తాడు. ప్రతి కుక్క తోకవైపు నుంచి నడిమి మోకుకు ఒక తాడు ఉంటుంది. అది ఎప్పుడూ బిగుతుగా ఉండాలి. దిగుడులో మీరు చాప తొక్కకపోతే బండి కుక్కల మీదికి పోతుంది, తాడు సడలి కాళ్లకు చుట్టుకుంటుంది, బండికి దగ్గరగా ఉన్న జంటకు దెబ్బ తగులుతుంది. ఎక్కుడులో ఒక కాలు దించి నేలను తన్నుతూ సాయం చేయాలి. మీరు చేయకపోతే ముందున్న కుక్క వెనక్కి తిరిగి మీ మొహం చూస్తుంది. ఆ చూపుకు అర్థం ఎవరూ చెప్పక్కర్లేదు.

మన ఎడ్లబండిలో దాపటి ఎద్దు, వలపటి ఎద్దు అని చోట్లు ఉన్నట్టే ఇక్కడా చోట్లు ఉన్నాయి. ముందు దారి చూసే లీడర్లు, వాటి వెనక మలుపు తిప్పేవి, మధ్యలో లాగేవి, బండి దగ్గర బరువు మోసే వీల్ కుక్కలు. పగ్గాలు లేవు, గొంతే పగ్గం. కుడికి ‘జీ’, ఎడమకు ‘హా’, ఆగడానికి ‘వో’, పక్కన ఏదున్నా పట్టించుకోకుండా పోవడానికి ‘ఆన్ బై’.

ఇంటికొచ్చాక హస్కీ కొనాలనిపిస్తుంది, కొనకండి

బెంగళూరులో హస్కీ పిల్ల 25 వేల నుంచి 60 వేల మధ్య దొరుకుతుంది. ధర అక్కడితో ఆగదు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ఏసీ, ఏడాదికి రెండుసార్లు ఇల్లంతా బొచ్చు, రోజుకు రెండు గంటల నడక. ఇవి తట్టుకోలేక వదిలేసినవే దత్తతకు వస్తుంటాయి. ఎండకని బొచ్చు గొరిగించేవాళ్లు కూడా ఉన్నారు. రెండు పొరల బొచ్చు ఎండ వేడి చర్మానికి చేరకుండా అడ్డుకుంటుంది, గొరిగితే మళ్లీ సరిగా పెరగకపోవచ్చు.

అసలు కారణం వేరే ఉంది. మంచుదేశాల మషర్లు ఉష్ణోగ్రత 15 డిగ్రీలు దాటితే గట్టి పరుగు ఆపేస్తారు. బెంగళూరులో డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున ఉండే సగటు కనిష్ఠమే 15, 16 డిగ్రీలు. అంటే మన ఊళ్లో ఏడాది మొత్తంలోకీ చల్లని గంట, వాళ్లు పని ఆపేసే గంట. సముద్ర మట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఇక్కడ ఈ కాస్త అవకాశమైనా దొరుకుతోంది. చెన్నైలో ఉన్న తమ్ముడో బావగారో ఈ వ్యాసం చూసి మొదలుపెడతానంటే వద్దనండి. అక్కడ జనవరి తెల్లవారుజామున కూడా 20 దాటి ఉంటుంది, పైన సముద్రపు తేమ.

పొట్టి బొచ్చు, సన్నని ఒళ్లు ఉన్న కుక్కలు ఇక్కడ నయం. బాగల్‌కోట్ జిల్లా ముధోళ్ నుంచి వచ్చిన ముధోళ్ హౌండ్ కర్ణాటకదే. తమిళనాడు చిప్పిపారై ఉంది. వీటికి చూపుతో వేటాడే గుణం ఎక్కువ, ఉడుత కనిపిస్తే మీరు, మీ పట్టీ, అందరూ ఉడుత వెంటే. మాటవినే విషయంలో వీధి నుంచి తెచ్చుకున్న దేశవాళీ కుక్క చాలాసార్లు వీటికంటే మేలు. 18 నుంచి 25 కిలోలుంటే ఒక మనిషికి సరిపోతుంది. కుక్క లేకపోతే 1991 నుంచి బెంగళూరులో పనిచేస్తున్న క్యూపా లాంటి సంస్థల దగ్గర దత్తతకు అడగండి. పగ్, బుల్‌డాగ్, షిట్జూ లాంటి చప్పిడి ముక్కువి ఈ పనికి పూర్తిగా వద్దు. ఒంట్లో వేడి బయటికి పోయేది రొప్పడంతోనే, వాటికి ఆ దారే ఇరుకు.

15 వేల లెక్క

ఇంట్లో ఏడాదిన్నర దాటిన, ఆరోగ్యంగా ఉన్న కుక్క ఉందనుకుని ఇది. అంతకంటే చిన్నదైతే ఎముకల చివర పెరుగుదల పూర్తయ్యేదాకా లాగించకూడదు.

మూడో వంతుకు పైగా డాక్టరు దగ్గరే పెట్టండి. పరీక్షకు 800, తుంటి ఎక్స్‌రేకు 3,500, గోమారి జ్వరం (టిక్ ఫీవర్) రక్తపరీక్షకు 1,500. హెబ్బాళ్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి వెళితే ఇంకా తగ్గుతుంది, కాకపోతే ఉదయమే వెళ్లి వరుసలో ఉండాలి. గోమార్ల పరీక్ష తప్పించకండి. బెంగళూరులో గోమారి జ్వరం అంత మామూలు. పైకి తోక ఊపుతూ తిరిగే కుక్కలో కూడా రక్తం, ప్లేట్‌లెట్లు తగ్గి ఉంటాయి. నడకలో తెలియదు, పరుగులో కూలబడుతుంది. అనారోగ్యంగా ఉన్న జంతువుతో పని చేయించడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద నేరం కూడా.

తర్వాత జీను 3,500, సాగే తాడు 2 వేలు, నడుముపట్టీ 3 వేలు, నీళ్ల సీసా, గిన్నె 600, డిజిటల్ థర్మామీటరు 250. అంతా కలిపి 15,150.

జీను విషయంలోనే అందరూ పొరపడతారు. పెట్‌షాపులో దొరికే ‘నో పుల్’ జీనుకు కొక్కెం ఛాతీ ముందు ఉంటుంది. అది లాగకుండా ఆపడానికి చేసినది. దానితో లాగిస్తే భుజం పక్కకు తిరిగిపోతుంది. మెడపట్టీకి కడితే గొంతు నలుగుతుంది. మీకు కావలసింది ఎక్స్ ఆకారంలో వీపు మీద పట్టీలు కలిసి, తోక మొదట్లో తాడు తగిలించేది. ఆర్డరు ఇవ్వడానికి కొలతలు మూడు: మెడ అడుగున, భుజాల ముందు చుట్టుకొలత. ముందుకాళ్ల వెనక, పక్కటెముకలు లోతుగా ఉన్నచోట ఛాతీ చుట్టుకొలత. భుజాల మధ్య ఎముక నుంచి తోక మొదటి దాకా పొడవు. బరువు కూడా రాసి పంపండి. తొడిగాక మెడ దగ్గర రెండు వేళ్లు బిగుతుగా దూరాలి, ముందు కలిసేచోటు రొమ్ము ఎముక మీద ఉండాలి తప్ప గొంతు మీద కాదు. పొడవు ఎక్కువైతే లాగినప్పుడు తుంటి కిందికి నొక్కుకుపోతుంది. తక్కువైతే జీను వెనక్కి జరిగి మెడ దగ్గర పట్టేస్తుంది.

విదేశం నుంచి తెప్పిస్తే కొరియరు, సుంకం కలిపి వస్తువు ధరలో మూడో వంతు నుంచి సగం దాకా అదనం వేసుకోండి. సంచులు, టార్పాలిన్లు కుట్టే దుకాణంలో 25 మిల్లీమీటర్ల నైలాన్ పట్టీతో, లోపల ఫ్లీస్ మెత్త పెట్టి కుట్టించుకోవచ్చు. వెయ్యి, పన్నెండు వందల్లో అయిపోతుంది. నమూనా కాగితం మీద గీసి ఇవ్వండి, కలిసేచోట్ల ఎక్స్ కుట్టు రెండుసార్లు వేయమనండి. మెత్తకు కుట్టు ముడి లోపలివైపు రాకూడదు, చంకలో ఒరుసుకుని పుండు పడుతుంది.

తాడు సాగినప్పుడు రెండు మీటర్లు ఉండాలి. లోపల సాగే రబ్బరు లేకపోతే ప్రతి కుదుపూ కుక్క వీపుకు, మీ నడుముకు తగులుతుంది. కొక్కెం, లాగుడులో ఉన్నప్పుడు కూడా ఒక్క చేత్తో వదిలించగలిగేదై ఉండాలి. కొండలెక్కేవాళ్ల మరచుట్టు కారాబైనర్ ఇక్కడ తప్పు, ఎందుకంటే బరువు మీద అది తెరుచుకోదు. నడుముపట్టీ పేరుకే నడుముది, తుంటి మీద కూర్చోవాలి, తొడల కింద నుంచి పట్టీలుండాలి. పైకి జరిగితే మరునాడు నడుం పట్టేసి లేవలేరు.

నెల ఖర్చు పెద్దగా పెరగదు. గోమార్లు రాకుండా మూడు నెలలకొకసారి ఇచ్చే మాత్ర నెలకు 700 పడుతుంది. అదనపు తిండి 1,500. పరుగున్న రోజుల్లో గుడ్డు, చికెన్ పెంచండి, అన్నం కాదు.

మొదటి రెండు నెలలు

మొదటి వారం పరుగు లేదు. జీను తొడిగి, వెనక తాడుకు గులకరాళ్లు వేసిన లీటరు ప్లాస్టిక్ సీసా కట్టి, అపార్ట్‌మెంట్ వెనక ఖాళీ దారిలో పది నిమిషాలు నడిపించండి. వెనక చప్పుడవుతున్నా బెదరకుండా ఉండడం ముందు రావాలి. తర్వాత సీసా బదులు రెండు కిలోల పాత స్కూటర్ టైరు. ఇంట్లోవాళ్లు ఒకరు ముందు నడుస్తూ పిలవాలి. ఈ జీనులో ఉన్నప్పుడు ‘నెమ్మది’, ‘పక్కన నడువు’ అని ఎప్పుడూ అనకండి. నడకకు మెడపట్టీ, లాగడానికి జీను. ఏది తొడిగితే ఏ పనో కుక్కకు రెండు వారాల్లో తెలిసిపోతుంది.

మాటలు మామూలు నడకలోనే నేర్పండి. మలుపుకు మూడు అడుగుల ముందు ‘కుడి’, ‘ఎడమ’ అనండి, మలుపులో కాదు. జీ, హా అనే అక్కర్లేదు. ఇంట్లో అందరూ ఒకే మాట వాడితే చాలు. నాన్న ‘రైట్’, అమ్మ ‘కుడి’, మీరు ‘జీ’ అంటే కుక్క మూడింటినీ వదిలేసి ఎటు బుద్ధిపుడితే అటు పోతుంది.

మూడో వారంలో నడుముకు కట్టుకుని 200 మీటర్లు పరుగు, 200 మీటర్లు నడక, నాలుగుసార్లు. వారానికి మూడు రోజులే, మధ్యలో విశ్రాంతి. ఎనిమిదో వారానికి ఆగకుండా 2 కిలోమీటర్లు. ఇక్కడి వాతావరణానికి చాలావాటికి అదే హద్దు. ఇంకా పోదాం అన్నట్టు కుక్క చూస్తుండగానే ఆపేయండి.

పరుగుకు మూడు గంటల ముందు నుంచి తిండి పెట్టకండి, కడుపు మెలితిరిగే ప్రమాదం ఉంది. నీళ్లు మాత్రం రెండు గంటల ముందు ఇవ్వాలి. ఉత్త నీళ్లు తాగకపోతే చికెన్ ఉడికించిన నీళ్లు కాస్త కలపండి, అలాస్కా మషర్లూ ఇదే చేస్తారు.

చోటు ఎంపికలో మట్టిదారి మొదటి మాట. తారు, కాంక్రీటు అరికాళ్లను అరగదీస్తాయి. మంచు మీద మషర్లు గుడ్డ బూటీలు వాడతారు, అలాస్కాలో వెయ్యి మైళ్ల ఇడిటరాడ్ పందెంలో ఒక్క జట్టుకే వెయ్యికి పైగా ఖర్చవుతాయి. తారు మీద అవి రెండు రోజులు రావు, కొనకండి. నగర శివార్లలో ఇంకా ఇళ్లు కట్టని లేఅవుట్లు, తోటల మధ్య దారులు బాగుంటాయి, యజమానిని అడిగి వెళ్లండి. హెసరఘట్ట గడ్డిమైదానం చూడటానికి సరిగ్గా సరిపోయినట్టుంటుంది కానీ అది నేల మీద గూడు కట్టే పక్షుల చోటు, కుక్కతో అక్కడికి వెళ్లకండి. ఎక్కడైనా వీధికుక్కల గుంపు ఉంటుంది. ఒకరోజు ముందే కుక్క లేకుండా ఆ దారి నడిచి ఎక్కడెక్కడ ఉన్నాయో చూసుకుంటే సగం గొడవ తప్పుతుంది. ఎదురైతే పరుగాపి, తాడు చేతికి చుట్టకుండా దగ్గరగా పట్టుకుని, మీరు మధ్యలో నిలబడి నడుచుకుంటూ దాటాలి.

సైకిల్ జోలికి ఆరు నెలలు ఆగి వెళ్లండి. ముందు చక్రం మీదుగా తాడు పట్టి ఉంచే గడ 5 వేలు, హెల్మెట్ 1,500, డిస్క్ బ్రేకులున్న సైకిల్ లేకపోతే 20 వేలు. గడ లేకుండా తాడు హ్యాండిల్‌కు కడితే, కుక్క ఆగిన క్షణం తాడు చక్రంలోకి పోతుంది.

తాడు సడలితే

వడదెబ్బకు మొదటి గుర్తు నాలుకలో కాదు, తాడులో కనిపిస్తుంది. లాగుతున్న కుక్క లాగడం మానేసి మీ పక్కకు వచ్చిందంటే ఆ రోజుకు పని అయిపోయినట్టే, ఉత్సాహపరచకండి. తర్వాత వచ్చేవి: నాలుక గరిటెలా వెడల్పై బయటికి వేలాడటం, చిగుళ్లు ముదురు ఎరుపు, జిగట చొంగ, కాళ్లు తడబడటం. తెల్లవారుజామున చల్లగా ఉందని ధీమా వద్దు. ఆ వేళ గాలిలో తేమ 80, 90 శాతం ఉంటుంది, రొప్పినా ఆవిరి పోదు.

వెంటనే నీడకు చేర్చి, ఉన్న నీళ్లన్నీ ఒళ్లంతా పోయండి, పొట్ట కింద, తొడల మధ్య ముఖ్యంగా. విసరండి. తడి తువ్వాలు కప్పి వదిలేయకండి, కాసేపటికి అదే వేడిని లోపల బిగిస్తుంది. ముందు చల్లబరచండి, తర్వాత ఆసుపత్రికి బయలుదేరండి, కారులో ఏసీ వేసి. మామూలుగా కుక్క ఒంటి వేడి 38 నుంచి 39.2 డిగ్రీలు. 41 దాటితే ప్రాణం మీదికి వచ్చినట్టు. మలద్వారంలో థర్మామీటరుతో చూస్తూ 39.5కు దిగాక నీళ్లు పోయడం ఆపండి, లేదంటే మరీ పడిపోతుంది. తేరుకున్నట్టు కనిపించినా ఆ రోజే డాక్టరుకు చూపించాలి, మూత్రపిండాల దెబ్బ మర్నాడు బయటపడుతుంది. పరుగు తర్వాత మూత్రం ముదురు గోధుమ రంగులో వచ్చినా అంతే.

ఇంకా ముందుకు పోవాలనుకునేవాళ్లకు

సొంత జట్టు అన్నది మంచుదేశంలో ఉండేవాళ్ల మాట. పది కుక్కలకు ఏటా తిండి, మందులే కనీసం పది లక్షలు. కొత్త బండి ఒకటిన్నర నుంచి మూడు లక్షలు. ఇక్కడి నుంచి వెళ్లి నేర్చుకోవడానికి చవక దారి కెనెల్‌లో సీజన్ పని. ఫిన్లాండ్‌లో వ్యవసాయం, పర్యాటకం పనులకు తొమ్మిది నెలల దాకా సీజనల్ అనుమతి ఇస్తారు, దానికి ముందుగా యజమాని నుంచి ఉద్యోగ పత్రం ఉండాలి. ‘జీతం లేదు, తిండి, బస మాత్రం ఇస్తాం, టూరిస్టు వీసా మీద వచ్చేయండి’ అనేవాళ్ల దగ్గరికి వెళ్లకండి. తిండికీ బసకూ బదులుగా చేసినా అది పనే, పట్టుబడితే తర్వాతి వీసాలన్నీ పోతాయి.

ఉద్యోగ పత్రం వచ్చాక అందులో గంటకు ఎంత, వారానికి ఎన్ని గంటలు, గదికి ఎంత కోస్తారు, మంచు ఆలస్యంగా పడి సందర్శకులు రాని వారాలకు జీతం ఉంటుందా అన్నవి రాసి ఉన్నాయో లేదో చూడండి. నవంబరులో చేరేవాళ్లకు ఈ ఆఖరిదే ముఖ్యం.